పెరడు లేని బడి

"ముందు ఆ గుంట పూడ్చేయండి," అన్నాడు స్కూలు కమిటీ ప్రెసిడెంటు, కారు దిగకుండానే.

ఆయన గుంట అన్నది నిజానికి గుంట కాదు. రోడ్డు అంచు నుంచి నేల మెల్లగా జారుకుంటూ వెళ్ళి, స్థలం మధ్యలో దోసిలి పట్టినట్టు ఆగుతుంది. అవతలి పక్క మళ్ళీ లేచి, నల్లబండలూ వాటి సందుల్లోంచి పెరిగిన చెట్లూ ఉన్న చోట ముగుస్తుంది. కొత్త హైస్కూలు కట్టాల్సింది అక్కడే.

ఆర్కిటెక్టు ఆ నేల వాటాన్నే చూస్తూ నిలబడింది. కంప్యూటర్లొచ్చి ఇన్నేళ్ళయినా మొదటి గీత పెన్సిలుతో గీస్తే తప్ప ఆమెకు చెయ్యి సాగదు. అందుకే ఆఫీసులో అందరూ పెన్సిలమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది ఆఫీసు యజమాని. ఆయన ఆమెకు సొంత బాబాయి. ఇంట్లో బాబాయి, ఆఫీసులో బాసు. ఏ మాట ఏ హోదాలో అంటున్నాడో ఒక్కోసారి ఆయనకే తెలిసేది కాదు.

"పూడిస్తే వాన నీళ్ళెటు పోతాయి సార్?" అంది.

"నీళ్ళ సంగతి నీళ్ళు చూసుకుంటాయమ్మా. మనకి కావలసింది చదునైన నేల, దాని మీద నాలుగంతస్తుల బిల్డింగు, స్కేలు పెట్టి గీసినట్టు. రోడ్డు మీద పోయేవాడు తలెత్తి చూడాలి." ప్రెసిడెంటు కారు దిగి, చెయ్యి గాల్లో ఆడిస్తూ అంతస్తులు లేపాడు. "ముందు వైపు మొదటి సెక్షను గదులు. వాటికి నిలువెత్తు అద్దాలు. చదువుకునే పిల్లలు బయటికి కనపడాలి. మిగతా సెక్షన్లని వెనక వైపు ఎలాగో సర్దేయండి."

"సర్దడానికి వాళ్ళేమన్నా సామాన్లా సార్?"

పక్కనే నిలబడ్డ బాబాయి గట్టిగా దగ్గాడు. ప్రెసిడెంటుకు కోపం రాలేదు. ఆయన చెడ్డవాడు కాదు. రేకుల షెడ్డులో మొదలైన బడిని ఇంతదాకా లాక్కొచ్చిన మనిషి. పిల్లలు పడిపోతే భుజాన వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తిన రోజులూ ఉన్నాయి.

"మాట వరసకి అన్నానులే. కానీ ఒకటి చెప్తా విను. తల్లిదండ్రులు మన బడికొచ్చేది మొదటి సెక్షన్ని చూసి. దీపం గూట్లో పెడతారు గానీ మంచం కింద పెట్టరుగా? శనివారం కమిటీ. ప్లాను తీసుకొచ్చేయండి."

కారు వెళ్ళిపోయాక బాబాయి గొడుగు కొనతో నేలను పొడిచాడు. "అడిగినవాడికి అడిగింది గీసిస్తే పోయేదానికి నీకెందుకు తల్లీ ఈ తగువు?"

"ఈ నేల అడిగేది వేరే ఉంది బాబాయ్."

"నేల మనకి ఫీజు కట్టదు," అన్నాడు ఆయన.

*

పిల్లలు ఎలా తిరుగుతారో చూడకుండా గోడలు గీయడం ఆమెకు చేతకాదు. మర్నాడు పొద్దున్నే టేపు పట్టుకుని పాత బడికి వెళ్ళింది. "చూడండి, అంతా చూడండి," అని హెడ్ మిస్ట్రెస్ తలుపులన్నీ తెరిపించింది. ఎవరు ఏమడిగినా అవుననడం ఆవిడకు అలవాటు.

పై అంతస్తులో ముందు వైపున తొమ్మిదో తరగతి మొదటి సెక్షను. కిటికీల నిండా వెలుగు. గాలికి కాగితాలు ఎగరకుండా పిల్లలు జామెట్రీ బాక్సులు బరువు పెట్టుకున్నారు. కింద, వెనక వైపు అదే తొమ్మిదో తరగతి ఆఖరి సెక్షను. కిటికీ తెరిస్తే ప్రహరీ గోడ. గోడకూ గదికీ మధ్య జనరేటరు. పట్టపగలే లైట్లు. కరెంటు పోయినప్పుడు పైన ఫ్యాన్లు తిరగడం కోసం కింద ఆ జనరేటరు మోగుతుంది. అది మోగినంతసేపూ ఆఖరి సెక్షనులో చెప్పే పాఠం చెప్పేవాళ్ళకే వినపడదు. ఏటా పరీక్షలయ్యాక మార్కుల్ని బట్టి పిల్లల్ని విడగొడతారు. విడగొట్టినవాళ్ళు మళ్ళీ కలిసే చోటు ఆ భవనంలో ఎక్కడా లేదు. పెన్సిలమ్మ వరండా వెడల్పు కొలిచింది. ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు అంటుకుపోవలసిందే.

మధ్యాహ్నం బెల్లు కొట్టాక మెట్ల కింద మాటలు వినిపించాయి. విరిగిన బెంచీలు పడేసిన ఆ మూలలో ఇద్దరమ్మాయిలు నేల మీద బోర్లా పడుకుని ఒకే కాగితం మీద రాస్తున్నారు. ఒకే ముక్కు, ఒకే నుదురు. కవలలు. ఒకామె బ్యాడ్జీ మీద మొదటి సెక్షను, రెండో ఆమె బ్యాడ్జీ మీద ఆఖరి సెక్షను.

"అక్కడ కాదే, ఇక్కణ్ణించి గీస్తే రెండు త్రిభుజాలొస్తాయి."

"వస్తే రానీ, ఆ కోణం ఎంతని చెప్పవు?"

"అది నువ్వు చెప్పాలి. నేను గీశాగా!"

పెన్సిలమ్మ టేపు చుట్టడం మర్చిపోయి నిలబడింది. ఆ కాగితం మీద ఒకరి చెయ్యి ఆగిన చోట రెండో చెయ్యి మొదలవుతోంది. వాళ్ళకు తెలియకుండా మెట్ల వెడల్పు, ఆ మూల ఎత్తు కొలుచుకుంది.

పైనుంచి లెక్కల మాస్టారు దిగుతున్నాడు. రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి. రెండు సెక్షన్లకూ లెక్కలు చెప్పేది ఆయనే. కిందికొచ్చాక వంగి చూసి, "ఎవరది?" అన్నాడు.

ఇద్దరూ లేచి నిలబడ్డారు. బట్టల నిండా దుమ్ము.

"నువ్వు పైకి పో," అన్నాడు మొదటి సెక్షను అమ్మాయితో. రెండో అమ్మాయి వైపు తిరిగాడు. "నువ్వు చదవవు, చదివేదాన్ని చదవనివ్వవు. కాపీ కొట్టడానికి చెల్లెలే దొరికిందా? క్లాసు బయట నిలబడు. సాయంత్రం దాకా."

"సార్, అది కాపీ కాదు..." అని చెల్లెలు మొదలుపెట్టింది.

"నిన్ను పొమ్మన్నాను."

పెన్సిలమ్మ ముందుకొచ్చింది. "మాస్టారూ, నేను చూశాను. ఇద్దరూ కలిసే చేస్తున్నారు. నిలబెడితే ఇద్దరినీ నిలబెట్టాలి. లేదంటే ఎవరినీ నిలబెట్టకూడదు."

ఆయన ఆమె చేతిలోని టేపు వైపు చూశాడు. "మీరు గోడలు చూడ్డానికొచ్చారమ్మా. గోడలు చూడండి."

ఆమెకు ముఖం మీద చన్నీళ్ళు కొట్టినట్టయింది. ఆ మధ్యాహ్నమంతా గోడలే చూసింది. వెనక వరండాను కొలుస్తూ వస్తే, ఆఖరి సెక్షను తలుపు పక్కన ఆ అమ్మాయి ఒక కాలి మీది బరువు రెండో కాలికి మార్చుకుంటూ నిలబడి ఉంది. ఏడుపు లేదు.

"నొప్పి పుట్టడం లేదూ?"

"అలవాటేనండి."

"లెక్క అయిందా?"

"సగం. నాకు బొమ్మ కనిపిస్తుందండి. ఎక్కడ గీత గీయాలో తెలుస్తుంది. ఆ తర్వాత అంకెలేసేది మా చెల్లి. దానికి బొమ్మ కనిపించదు." కాస్త ఆగి, "పరీక్షలో సగం లెక్కకి మార్కులు రావు కదండీ," అంది, ఎవరి మీదా ఫిర్యాదు లేనట్టు.

పైన మొదటి సెక్షను నుంచి ఎక్కాలు అప్పజెప్పినట్టు సూత్రాలు వల్లించడం వినిపిస్తోంది. కరెంటు పోయింది. జనరేటరు గురగురమంటూ లేచింది. ఆ అమ్మాయి అలవాటుగా చెవులు మూసుకుంది.

*

బుధవారం ఆఫీసులో పెన్సిలమ్మ తను అంతకుముందే గీసి పెట్టుకున్న ప్లానును బల్ల మీద పరిచి చాలాసేపు చూసింది. నేల వాటాన్ని చెడగొట్టకుండా పల్లం చుట్టూ గదులు పేర్చుకుంటూ వచ్చిన ప్లాను అది. దాన్ని చూసి తనే మురిసిపోయింది కూడా. ఇప్పుడు చూస్తే దాంట్లోనూ ముందు వైపు ఉంది, వెనక వైపు ఉంది. రోడ్డుకీ పల్లానికీ ఎటూ కాకుండా, వంటశాల పక్కన, చెత్త వేసే చోటికి ఎదురుగా ఉన్న నాలుగు గదులను ఎవరికిస్తారో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"దొంగ చేతికి తాళం నేనే ఇచ్చాను," అనుకుని కాగితాన్ని చుట్టేసింది.

కొత్త కాగితం కోసం అటక దగ్గరికెళితే పక్క గదిలో జూనియరు తల వంచుకుని ఏదో గీస్తున్నాడు. ఆమెను చూసి స్క్రీను మార్చబోయాడు. అప్పటికే ఆమె చూసేసింది. నాలుగంతస్తులు, స్కేలు పెట్టి గీసినట్టు. పల్లం లేదు. చెట్లు లేవు.

బాబాయి గదిలోకి వెళ్ళి తలుపు మూసింది.

"ఎప్పట్నించి?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సోమవారం సాయంత్రం నుంచి. నీ ప్లాను నువ్వు చూపించు. కాదన్నాడనుకో, ఇది ఉంటుంది. నేనూ ఆఫీసు నడపాలిగా. పదిమంది బతుకుతున్నారు ఇందులో."

"నాకు చెప్పి గీయించాల్సింది."

"చెప్తే గీయనిస్తావా? నువ్వు మీ నాన్నలాగే మొండిఘటం."

"శనివారం నేను మాట్లాడటం అయ్యేదాకా దాన్ని బయటికి తీయకు. అంతే అడుగుతున్నాను."

"సరే. నీ మాటలయ్యేదాకా ముట్టుకోను," అన్నాడు ఆయన. అది బాబాయి అన్నాడో బాసు అన్నాడో ఆమెకు తెలియలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో భోజనాల బల్ల మీద అట్టముక్కలు పరిచి మోడలు మొదలుపెట్టింది. ముందు పల్లం. పలచటి అట్టలను ఒక దాని కింద ఒకటి పొరలుగా కత్తిరించి అతికితే నేల వాటం వచ్చింది. గదులకు మందపాటి అట్ట. అత్తగారు బల్ల చివర కూర్చుని, తనకు మిగిల్చిన జానెడు చోటులో కూరగాయలు తరుగుతోంది.

"బల్లంతా ఆక్రమించావు. ఇవాళ కంచాలు ఒళ్ళో పెట్టుకోవాలి కాబోలు," అని గొణిగి, కాసేపు చూసింది. "ఇంతకీ ఈ బడికి వాకిలెటు, పెరడెటు?"

"అదే తేలడం లేదు అత్తయ్యా. దీనికి పెరడు లేకుండా చెయ్యాలని చూస్తున్నాను."

"పెరడు లేకపోతే అంట్లెక్కడ తోముకుంటారు? చెత్తెక్కడ పోస్తారు? ఇల్లన్నాక కంపుకొట్టేవి కొన్నుంటాయి. వాటినెక్కడో ఒక మూల పెట్టక తప్పదమ్మాయ్. తీసుకెళ్ళి వాకిట్లో పెడతావా?"

పెన్సిలమ్మ చేతిలోని బ్లేడు ఆగింది.

"మళ్ళీ అనండి?"

"ఏమన్నాను? చెత్త వాకిట్లో పెడతావా అన్నాను."

రోడ్డు వైపు. దుమ్మూ హారన్లూ ఎండా వచ్చేది అటు నుంచే. పిల్లల్ని అద్దాల వెనక కూర్చోబెట్టి చూపిద్దామని ప్రెసిడెంటు అంటున్నదీ అటే. వంటశాల, సామాను గది, జనరేటరు, మరుగుదొడ్లు, ఆఫీసు - ఇవన్నీ రోడ్డు వెంబడి వరసగా కట్టి, ఒక పొడవాటి మంచి గోడ చాటున ఉంచితే అవే రోడ్డు మోతకు అడ్డం అవుతాయి. గదులన్నీ ఆ వరసకు వీపు పెట్టి పల్లం వైపు ముఖం తిప్పుకుంటాయి. అన్నీ. ఏ గది తలుపు తీసినా అదే చెట్టు, అదే నేల.

"వాకిట్లోనే పెడతాను అత్తయ్యా."

"నీ ఇష్టం. మతి పోయిందని నలుగురూ నవ్వుతారు," అంది ఆవిడ. తర్వాత తరిగిన కూరలు గిన్నెలో వేసి, చేతులు తుడుచుకుని, "ఆ బండలు దేంతో చేస్తావు?" అని అడిగింది. పెరట్లోకి వెళ్ళి గులకరాళ్ళు ఏరుకొచ్చింది.

గదులను విడివిడిగా కాకుండా రెండేసి జతలుగా పేర్చింది పెన్సిలమ్మ. జతకు మధ్యలో ఒక వెడల్పాటి వసారా. పిల్లలు బల్లలు లాక్కుని కూర్చోవచ్చు, నేల మీద బోర్లా పడుకోవచ్చు. మెట్లు లేవు. వాటానికి తగ్గట్టు ఒక వాలుదారి పల్లం చుట్టూ తిరుగుతూ ఒక్కో వసారానూ తాకుతూ వెళ్ళింది. ఎవరు ఏ గదికి వెళ్ళాలన్నా మిగతావాళ్ళ పక్కనుంచి నడవాల్సిందే.

గురువారం మధ్యాహ్నం వాన పడింది. ఆమె గొడుగేసుకుని స్థలానికి పరిగెత్తింది. నీళ్ళు నాలుగు పక్కల నుంచీ పాయలుగా జారి పల్లంలోకి దిగి, గుండ్రంగా తిరిగి, బండల అడుగు సందుల్లోంచి అవతలికి పోతున్నాయి. పాంటు మోకాళ్ళ దాకా తడిసినా కదలకుండా నిలబడి ఫోనులో వీడియో తీసింది.

*

శనివారం కమిటీ పాత బడి స్టాఫ్ రూములో కూర్చుంది. ప్రెసిడెంటు, హెడ్ మిస్ట్రెస్, ఇద్దరు సభ్యులు, టీచర్ల తరఫున లెక్కల మాస్టారు. ఆయన్ను చూడగానే పెన్సిలమ్మ ఆశ వదులుకుంది. ర్యాంకుల మాస్టారు ఆయన. మొదటి సెక్షను ఆయన చేతిలో పూలతోట.

బల్ల మధ్యలో మోడలు పెట్టింది. ముందు వాన వీడియో చూపించింది.

"పల్లం పూడిస్తే ఈ నీళ్ళు ఆగవు సార్. వేరే దారి వెతుక్కుంటాయి. దగ్గర్లో ఉన్న దారి మీ కొత్త బిల్డింగు గడపే."

ప్రెసిడెంటు వీడియో రెండుసార్లు చూశాడు. నీళ్ళ దగ్గర ఆయన మొండితనం చేసే మనిషి కాదు. రేకుల షెడ్డు రోజుల్లో పిల్లల్ని బెంచీల మీద నిలబెట్టి నీళ్ళు తోడించినవాడు. "సరే. గుంట ఉండనీ," అన్నాడు. "మరి ముందు వైపేది? రోడ్డు వైపు ఈ పొడుగ్గా ఉన్నదేంటి?"

"వంటశాల, స్టోరు, ఆఫీసు, జనరేటరు గది."

ఒక సభ్యుడు ఫక్కున నవ్వాడు. ప్రెసిడెంటు నవ్వలేదు.

"అమ్మా, పెళ్ళికూతుర్ని గదిలో కూర్చోబెట్టి గుమ్మం దగ్గర చీపురు నిలబెడతామా? మొదటి సెక్షను గదులేవో చెప్పు. వాటి మీద పేరు రాయి."

"రాయలేను సార్. ఏ గది ఏ సెక్షనైనా ఒకటే అయ్యేలా చేశాను. ఇందులో వెనక వైపు లేదు."

"రాయలేవా, రాయవా?"

"రాయను," అంది పెన్సిలమ్మ. "ఆఖరి సెక్షను కిటికీ పక్కన జనరేటరు పెట్టింది మీరు కాదు సార్, తెలుసు. వెనక వైపంటూ ఉంటే అలాంటివన్నీ వాటంతటవే అటు చేరతాయి. వాటితోపాటు కొందరు పిల్లలూ చేరతారు. అది నేను గీయను. కావాలంటే వేరేవాళ్ళ చేత గీయించుకోండి."

హెడ్ మిస్ట్రెస్ ఇద్దరి వైపూ తలూపింది. అప్పుడు బాబాయి లేచి, బల్ల కిందనుంచి కాగితాల చుట్ట తీసి విప్పాడు. ఆమె వైపు చూడలేదు.

"ఇంకో ప్లాను కూడా ఉంది సార్. మీరు చెప్పినట్టే."

నాలుగంతస్తుల బొమ్మ మోడలు పక్కన పరుచుకుంది. పెన్సిలమ్మ బాబాయి వైపు చూసింది. తన మాటలు అయిపోయాయన్నమాట. ప్రెసిడెంటు ముఖం వికసించింది. "ఆ! ఇదీ బడంటే. మాస్టారూ, మీరు చెప్పండి. మీ పిల్లలకి ఏ గదులు కావాలి?"

లెక్కల మాస్టారు కుర్చీ ముందుకు జరుపుకుని ముందు కాగితం చూశాడు. వేలితో దారి వెతికాడు. పైన మూడో అంతస్తులో ముందు వైపు మొదటి సెక్షను. అక్కణ్ణించి వరండా, మెట్లు, మళ్ళీ మెట్లు, వెనక్కి తిరిగి, కింద ఆఖరి సెక్షను. వేలు ఒకసారి దిగి మళ్ళీ పైకెక్కింది. తర్వాత ఆయన మోడలు మీదికి వంగాడు. ఒక జత గదుల కప్పు తీసి లోపలికి చూశాడు.

"ఇందులో నేనెక్కడ నిలబడాలమ్మా?"

సభ్యుడు మళ్ళీ నవ్వాడు. ప్రెసిడెంటు కూడా నవ్వాడు. "అదీ మాట! అయ్యవారికే చోటు లేదు."

పెన్సిలమ్మ మోడలు వైపు చూసింది. పిల్లలు కూర్చునే చోట్లు గీసింది, పడుకునే చోట్లు గీసింది, నడిచే దారులు గీసింది. టీచరు నిలబడే చోటు గురించి ఒక్క గీత కూడా లేదు.

"నేను ఆలోచించలేదు మాస్టారూ," అంది.

"ఆలోచించలేదు కదా," అన్నాడు ఆయన, ఎగతాళి లేకుండా. "నేను రోజూ ఒకే పాఠం రెండుసార్లు చెప్తున్నాను. పైన ఒకసారి, కింద ఒకసారి. దిగేటప్పుడు మోకాళ్ళు నన్ను తిడతాయి, ఎక్కేటప్పుడు నేను వాటిని తిడతాను. ఇదిగో, ఈ గదికీ వసారాకీ మధ్య గోడుంది. అవతలి గదికీ ఉంది. ఈ రెండూ ఎందుకు?"

"తలుపులు పెట్టాను..."

"తలుపు కాదమ్మా. గోడే తీసేస్తే? నేను వసారాలో నిలబడి ఇటూ అటూ ఒక్కసారే చెప్తాను. చెప్పాక వాళ్ళలో వాళ్ళు కొట్టుకు చావనీ. నేను చుట్టూ తిరిగి చూసుకుంటాను."

పెన్సిలమ్మ బ్లేడు తీసింది. మాస్టారు వేలు చూపించిన రెండు గోడలనూ మొదలంటా కోసి, వాటి బదులు పక్కకు మడిచే అట్టముక్కలను నిలబెట్టింది. కావాలంటే మూసుకోవచ్చు, వద్దంటే తెరిచి ఉంచవచ్చు. రెండు గదులూ ఒక వసారాలోకి విచ్చుకున్నాయి.

"మాస్టారూ, మీరేం మాట్లాడుతున్నారు?" అన్నాడు ప్రెసిడెంటు. "మొదటి సెక్షన్ని ఆఖరి సెక్షనుతో కలుపుతానంటారా? తల్లిదండ్రులు ఊరుకుంటారా?"

కోసిన గోడముక్కను మాస్టారు వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నాడు.

"మంగళవారం ఒక పిల్లని క్లాసు బయట నిలబెట్టాను," అన్నాడు చివరికి. "కాపీ కొడుతోందనుకున్నాను. ఈమె చెప్పినా వినలేదు. మర్నాడు అదే లెక్క పైన చెల్లెలికిచ్చాను. బొమ్మ గీయడం రాలేదు. కిందికెళ్ళి అక్కకిచ్చాను. బొమ్మ ముత్యంలా గీసింది, అక్కడితో ఆగింది." ముక్కను బల్ల మీద పెట్టాడు. "మొదటి సెక్షనుకి మార్కులు తెప్పించేది నేను. తగ్గితే తల్లిదండ్రుల్ని నా దగ్గరికి పంపండి. నేను చెప్పుకుంటాను."

హెడ్ మిస్ట్రెస్ మొదటిసారి తలూపడం ఆపి, "గోడ తీసేయడమే బాగుంది సార్," అంది. అని తనే ఆశ్చర్యపోయినట్టు చుట్టూ చూసింది.

ప్రెసిడెంటు నాలుగంతస్తుల కాగితాన్నీ మోడలునూ మార్చి మార్చి చూశాడు. చాలాసేపటికి, "రోడ్డు వైపు గోడ మీద బడి పేరు నిలువెత్తు అక్షరాలతో రాయాలి. అది మాత్రం నేను వదలను," అన్నాడు.

"రెండు నిలువులెత్తు రాద్దాం సార్," అంది పెన్సిలమ్మ.

బయటికొచ్చాక బాబాయి ఆమె వెనకే మెట్లు దిగాడు. చుట్ట చంకలో ఉంది.

"కోపమా?"

"కోపమే. నాలుగు రోజులు ఉంటుంది."

"ఉండనీ," అన్నాడు. కాసేపు నడిచి, "ఆ మెట్లు గీయించింది నేనేగా. మాస్టారు వేలు ఎక్కి దిగింది నా ప్లాను మీదేగా. ఆ మాత్రం వాటా నాకూ ఇవ్వు తల్లీ," అన్నాడు. ఆమె నవ్వకూడదనుకుంది. ఆపుకోలేకపోయింది.

*

నేల మీద గదుల గుర్తులు వేసే రోజు మాస్టారు పిలవకుండానే వచ్చాడు. పనివాళ్ళు మేకులు కొట్టి దారాలు లాగి, దారాల వెంట సున్నం పోసుకుంటూ వెళుతున్నారు. తడి ఆరిన పల్లం చుట్టూ తెల్లగీతల గదులు ఒకదాని పక్కన ఒకటి మొలుస్తున్నాయి. ఒక గీత చెట్టు వేరు మీదుగా పోతోందని పెన్సిలమ్మ మేకు పీకించి మూరెడు పక్కకు జరిపించింది.

"నాదేది?" అన్నాడు మాస్టారు.

చూపించింది. ఆయన వాలుదారి వెంట రెయిలింగు లేకుండా, ఆగకుండా దిగి, రెండు గదుల గీతల మధ్య నిలబడ్డాడు. అటు గదినీ ఇటు గదినీ చూశాడు. లేని సుద్దముక్క కోసం జేబు తడుముకున్నాడు.

"ఎనభై మంది," అన్నాడు. "ఈ వెనక బెంచీవాడికి వినపడుతుందా? అసలు సంగతి అది."

"నేను వెనక్కెళ్ళి నిలబడతాను. మీరు చెప్పండి."

ఆమె గది దూరపు మూలకు నడిచింది. మాస్టారు గొంతు సవరించుకుని, క్లాసులో అరిచినట్టే అరిచాడు. "త్రిభుజంలో మూడు కోణాల మొత్తం ఎంత?" సున్నం పోస్తున్న పనివాళ్ళు తిరిగి చూశారు. అవతల బండల మీది పిట్టలు లేచిపోయాయి.

"వినపడుతోంది మాస్టారూ! కొంచెం తగ్గించండి!"

ఈసారి మామూలుగా అడిగాడు.

"వినపడుతోంది."

ఇంకా తగ్గించాడు. పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు అడిగాడు. నేల వాటమే ఆ మాటను మోసుకొచ్చి ఆమె దగ్గర దించింది.

"వినపడుతోంది."

మాస్టారు నమ్మలేనట్టు చూశాడు. "నిజంగానా?"

"నిజంగానే."

ఆయన చెయ్యి గొంతు మీదికి వెళ్ళింది. అక్కడే ఉండిపోయింది. తర్వాత ఎదురుగా ఎవరో చిన్నపిల్ల కూర్చుని ఉన్నట్టు కాస్త వంగి, పెదవులు మాత్రమే కదిలినంత మెల్లగా అన్నాడు.

"బొమ్మ ఎవరు గీస్తారు?"